మూడు గేర్ల చేయి

గేర్ పెట్టె మూత విప్పగానే మైసయ్యకు ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. రెండో గేరు చక్రానికి పళ్ళు సగం లేవు. మిగిలిన సగం ఒక పక్కకే అరిగి మొండిబారాయి. అడుగున నల్లటి నూనెలో ఇనుప పెచ్చులు పడి ఉన్నాయి. ఒక పెచ్చును రెండు వేళ్ళతో తీసి, గుడ్డకు తుడిచి, తలుపు దగ్గరి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

ఛత్రినాకలో ఆ రేకుల షెడ్డు పెట్టుకుని అతనికి తొమ్మిదేళ్ళయింది. బండి ఏ తిప్పలు పడి తన దాకా వచ్చిందో పళ్ళు చూసి చెప్పగలడు. నూనె లేక అరిగిన పన్ను ఒక తీరుగా ఉంటుంది, మోయలేని బరువుకు విరిగిన పన్ను ఇంకో తీరుగా ఉంటుంది. ఇది ఆ రెండూ కాదు. గేరు మార్చేటప్పుడు అదను తప్పి పన్ను పన్నుకు గుద్దుకుంటే వచ్చే దెబ్బ. అది కూడా ఒకటి రెండుసార్లు కాదు, నెలల తరబడి. స్టీరింగు కొత్తగా పట్టినవాడి చేతిలో అయితే సరే అనుకోవచ్చు. ఈ బండి నడిపేది ఈశ్వరయ్య.

ఈశ్వరయ్య మైసయ్యకు ఉస్తాదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక నవాబుగారి దేవిడీలో ఆయన మోటారు నడిపే రోజుల్లో మైసయ్య క్లీనరుగా చేరి, పానతో బోల్టు తిప్పడం దగ్గర నుంచి పెళ్ళి సంబంధం దాకా అన్నీ ఆయన చేతి మీదుగానే అందుకున్నాడు. అప్పటి బండ్లలో గేరు మార్చడమంటే మాటలు కాదు. క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఆ రెండు తొక్కుళ్ళ మధ్య ఇంజను మోత ఎక్కడిదాకా ఎక్కిందో, ఎక్కడిదాకా దిగిందో చెవితో పట్టుకోవాలి, సరిగ్గా అప్పుడు రాడ్ జరపాలి. ముందూ కాదు, వెనకా కాదు.

"బండే అడుగుతది ర మైసా, ఇప్పుడెయ్యి అని," అనేవాడు ఉస్తాదు. "నువ్వు చెవి పెట్టు, చాలు. చెయ్యి దానంతటదే పోతది."

అలాంటి మనిషి చేతిలో ఈ పళ్ళేమిటి? మైసయ్యకు అన్నం సహించలేదు. మధ్యాహ్నం రాడ్ ఊడదీయడానికి సీటు కింద చెక్కలు ఎత్తుతుంటే మూరెడు వెదురు కర్ర ఒకటి దొరికింది. దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో వినే కర్ర అది. దాన్ని వాడటం కూడా ఉస్తాదు నేర్పిందే. ఒక కొస నూనెతో నల్లగా ఉంది. చెవికి ఆనే కొస రాసి రాసి నున్నబడి ఉండాలి కదా. దాని మీద పంటి గాట్లున్నాయి. చెరకు గడను కొరికినట్టు చుట్టూ గాట్లే.

మైసయ్య ఆ గాట్లను వేలితో తడిమి చూశాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేశాడు. కర్ర కొసను పళ్ళ మధ్య బిగించి, రెండో కొసను ఇంజనుకు ఆనించి, రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకున్నాడు. మోత దవడ గుండా పుర్రెలోకి ఎక్కింది. చెవులు మూసుకున్నా ఇంజను వినిపిస్తూనే ఉంది.

ఇంజను ఆపేసి, కర్రను మళ్ళీ సీటు కిందే పెట్టేసి, బండి మెట్టు మీద కూలబడ్డాడు. ఈ రెండేళ్ళలో తాను చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ ఒక్కటొక్కటే గుర్తుకొచ్చాయి. ఉస్తాదు ఎక్కడికి వచ్చినా మాట్లాడేవాడికి ఎదురుగానే కూర్చుంటాడు. కళ్ళలోకి కాదు, పెదాల వైపు చూస్తాడు. ఏం చెప్పినా "అచ్ఛా, అచ్ఛా, సమజైంది" అంటాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు, పెద్దాయన కదా ఏదో ధ్యాసలో ఉన్నాడని సరిపెట్టుకోవడమే. ఇప్పుడు సరిపెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఉస్తాదుకు చెవులు పోయాయి.

బండి బుచ్చమ్మది. గుడిమల్కాపూర్‌లో బర్రెలు, మలక్‌పేట బంగళాల్లో రోజూ పాలు పోసే వాడికలు. మధ్యలో పాల క్యాన్లు మోసేందుకు ఆమె భర్త పందొమ్మిది వందల ముప్పై నాలుగులో కొన్న అమెరికా పికప్ అది. పదేళ్ళుగా ఈశ్వరయ్య తప్ప ఇంకొకరు దాని స్టీరింగు ముట్టుకోలేదు. భర్త మూడేళ్ళ కిందట పోయాడు. చూపు మందగించిన డ్రైవరొకడు లారీని నేరుగా ఆయన సైకిలు మీదికి ఎక్కించాడు. వాడికి కళ్ళు సరిగా కనబడవని వాడి వాడలో అందరికీ తెలుసు, పాపం పిల్లలుగలవాడు కదా అని ఒక్కరూ నోరు విప్పలేదు. బుచ్చమ్మ ఆ లారీవాడిని ఎప్పుడో క్షమించింది కానీ, నోరు విప్పనివాళ్ళను మాత్రం ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రమే ఆమె షెడ్డుకు వచ్చింది. విరిగిన చక్రం ఆమె ముందే బల్ల మీద ఉంది.

"ఏంది మైసయ్యా, గిట్లెట్లయింది?" అంది ఆమె పళ్ళను వేలితో తడిమి. "బండి పాతదైందా, మనిషి పాతబడ్డడా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. మా చెల్లె కొడుకు లైసెన్సు పట్టుకుని తిరుగుతుండు, నేనే ఈశ్వరన్న మొహం చూసి వద్దంటున్న."

మైసయ్య చక్రాన్ని గుడ్డతో కప్పాడు. "బండి పాతదైందక్కా. పదేండ్ల ఇనుము. ఎవరు నడిపినా గిట్లనే అయితది."

"గంతేనా?"

"గంతే."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. ఉస్తాదుకు కొడుకుల్లేరు, జమా చేసుకున్నదీ లేదు. అవేవీ లేకపోయినా బతకగలడు కానీ, స్టీరింగు లేకుండా ఆయనను ఊహించుకోవడమే కష్టం. తెల్లవారకముందే లేచి బండి మూతి తుడుస్తాడు, వాడలోవాళ్ళు ఆయనను పేరుతో కాదు, "డ్రైవర్ సాబ్" అని పిలుస్తారు. ఆ పిలుపు ఆయన చెవిలో పడటం లేదని వాళ్ళకు తెలియదు.

మర్నాడు మైసయ్య గేర్ పెట్టె కోసం బయల్దేరాడు. యుద్ధం వచ్చాక అమెరికా నుంచి బోల్టు కూడా దిగడం లేదు, కొత్త పెట్టె మాట మర్చిపోవడమే. మలక్‌పేట అవతల పాత ఇనుము కొనే ప్రహ్లాద్ అనే కబాడీవాడి గోదాములో పాత పెట్టెలు కుప్పగా పడి ఉంటాయి. వెళ్ళేముందు మైసయ్య తన పద్ధతిలో ఇంజను వెనక మొహానికి గ్రీజు రాసి, దాని మీద పాత ఉర్దూ పేపరు పరిచి, బొటనవేలితో రుద్ది అచ్చు తీసుకున్నాడు. బోల్టు రంధ్రాలన్నీ కాగితం మీద నల్లటి చుక్కలుగా పడ్డాయి. ఆ కాగితం ఏ పెట్టె మీద చుక్కకు చుక్క కూర్చుంటే అదే తన పెట్టె.

పదిహేను పెట్టెలు ఎత్తి దించాక ఒకటి కుదిరింది. పెట్టె మూతి నుంచి బయటికి వచ్చే షాఫ్టు మీది గాడులు లెక్కపెట్టాడు, పది. పాతదానికీ పదే, క్లచ్ ప్లేటు సరిపోతుంది. మూత విప్పి చూశాడు. గేర్లను జరిపే కడ్డీలు రెండుంటే మూడు గేర్ల పెట్టె, మూడుంటే నాలుగు గేర్లది. ఇందులో మూడున్నాయి. నమ్మలేక, వెనక షాఫ్టుకు సుద్దముక్కతో గీత పెట్టి, మొదటి గేరులో ముందు షాఫ్టును చేత్తో తిప్పాడు. ఆరు చుట్లు తిప్పితే గానీ గీత ఒక చుట్టు తిరగలేదు. గుట్టలెక్కే లారీకి వేసే పెట్టె.

"ఏం భాయ్, పసంద్ ఆయా?" అన్నాడు ప్రహ్లాద్.

"మూడు గేర్లది కావాలె ప్రహ్లాద్ భాయ్."

"మూడుదా? అరె, యుద్ధం ఖతమైనంక రా. ఇదొక్కటే ఉన్నది. తీస్కుంటే తీస్కో, లేకుంటే ఫౌజోళ్ళు తీస్కపోతరు."

మైసయ్య పెట్టె పక్కనే గొంతు కూర్చున్నాడు. పాత పెట్టెలో ఎడమవైపు పైకి నెడితే రివర్సు, కిందికి గుంజితే మొదటి గేరు. ఇందులో ఎడమవైపు పైకి నెడితే మొదటి గేరు పడుతుంది. రివర్సు ఇంకా ఎడమకు, ఒక స్ప్రింగును ఒత్తి దాటితే గానీ దొరకదు. చెవులున్నవాడికైనా అలవాటుకు పది రోజులు పడుతుంది. పదేళ్ళుగా ఒకే దారిన తిరిగిన చేయి అది. పైగా బండి వేగం అందుకునేలోగా గేరు మార్చాల్సింది ఇక రెండుసార్లు కాదు, మూడుసార్లు. బుచ్చమ్మ పాలు బండి ఆగినప్పటి నుంచీ ఎద్దుబండి మీద పోతూ దారిలోనే విరిగిపోతున్నాయి. మైసయ్య పెట్టెను జట్కాలో వేయించుకుని వచ్చేశాడు.

కొత్త పెట్టె పాతదానికంటే నాలుగు వేళ్ళు పొడుగు. వెనక షాఫ్టును అంతమేరకు కోయించి మళ్ళీ అతికించాడు, ఛాసిస్ మీద అడ్డపట్టీని వెనక్కి జరిపి కొత్త రంధ్రాలు వేశాడు. నాలుగు రోజుల పని. ఉస్తాదు రోజూ వచ్చి బండి పక్కన నిలబడి, పెట్టె మీద అరచేయి ఆనించి చూసేవాడు. మైసయ్య బండి కింద పడుకుని పైకి మాట్లాడేవాడు, అలవాటు కొద్దీ. పై నుంచి జవాబు ఉండేది కాదు.

ఉస్తాదును పక్కన కూర్చోబెట్టుకుని, చేయి పట్టుకుని, ఈ కొత్త దారులు చూపించాలని రోజూ అనుకునేవాడు. కానీ ఎలా? నేర్పిన మనిషికే నేర్పడం, అదీ పసివాడి చేయి పట్టి అక్షరాలు దిద్దించినట్టు! ఆయన కళ్ళలోకి చూసి, మీకు వినబడదని నాకు తెలుసు అన్నట్టే కదా. ఉస్తాదు ముందు బీడీ కూడా కాల్చని మనిషి మైసయ్య. ఉస్తాదు ముందు గొంతెత్తడమంటే అతనికి చచ్చినంత పని. బండి బయటికి తీశాక మైదానంలో, ఎవరూ లేని చోట చూపిస్తానని తనకు తాను చెప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున బండి సిద్ధమైంది. మైసయ్యే ఒక చుట్టు తిప్పి తెచ్చి, షెడ్డులో గోడవైపు మూతి పెట్టి నిలిపాడు. గోడలో మైసమ్మ తల్లి గూడు, అందులో దీపం ఉన్నాయి. బాగైన బండి అమ్మకు మొహం చూపించి, పూజ అయ్యాక వెనక్కి నడుస్తూ బయటికి పోవాలి, అమ్మకు వీపు చూపకూడదు. ఆ షెడ్డులో అది మొదటి రోజు నుంచీ ఉన్న ఆనవాయితీ. అందుకే నిమ్మకాయలు కూడా వెనక చక్రాలకు వెనకే పెడతారు.

బుచ్చమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. ఈశ్వరయ్య ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. మీసం దువ్వుకున్నాడు, పెళ్ళివారింటికి వచ్చినట్టున్నాడు. బండి బంపరుకు బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు.

"నేను బయటికి తీస్త," అన్నాడు మైసయ్య తలుపు దగ్గరికి నడుస్తూ. "ఉస్తాద్ బయట ఎక్కుతరు."

"అదేం మాట?" అంది బుచ్చమ్మ. "పూజైన బండి నడిపేటోడే కదిలియ్యాలె. నువ్వు కదిలిస్తే ఇగ పూజెందుకు? ఎక్కు ఈశ్వరన్నా."

ఆమె చేయి చూపించింది కాబట్టి ఈశ్వరయ్యకు అర్థమైంది. ఎక్కి కూర్చున్నాడు. మైసయ్య పరుగున తలుపు దగ్గరికి వెళ్ళాడు. బుచ్చమ్మ నాలుగడుగుల దూరంలో ఉంది. గట్టిగా చెప్తే ఆమెకు తెలిసిపోతుంది. చేయి పట్టి చూపిస్తే ముప్పై ఏళ్ళుగా స్టీరింగు పట్టిన మనిషికి యజమానురాలి ముందు అవమానం.

"ఉస్తాద్," అన్నాడు తల వంచి, ఎప్పుడూ మాట్లాడే మెత్తటి గొంతుతోనే, "రివర్స్ మారింది. పాత తావుల ఫస్ట్ ఉన్నది. ఇంక ఎడమకు ఒత్తి గుంజుండ్రి."

తల వంచాడు కాబట్టి పెదాలు కూడా కనబడలేదు.

"అచ్ఛా, అచ్ఛా," అన్నాడు ఈశ్వరయ్య నవ్వుతూ. "సమజైంది."

ఆ మాట ఆయనకు చేరలేదని మైసయ్యకు తెలుసు. తెలిసీ పక్కకు జరిగాడు. ఆ తర్వాత జన్మంతా ఎవరు ఎన్ని విధాల ఓదార్చినా అతను మర్చిపోలేనిది ఆ ఒక్క అడుగే.

ఇంజను మోగింది. సరిగ్గా అప్పుడే బుచ్చమ్మ, పగిలిన కొబ్బరి చిప్పలు ఏరుకుందామని బంపరు ముందుకు వచ్చి వంగింది. బండి వెనక్కి పోతుందని ఆమె ధీమా. మైసయ్య అది చూశాడు. క్యాబులో ఈశ్వరయ్య చేయి తడుముకోకుండా ఎడమకు జరిగి పైకి నెట్టడం కూడా చూశాడు. పదేళ్ళ రివర్సు.

"ఉస్తాద్!" అని అరిచాడు. "బ్రేక్! బ్రేకెయ్యుండ్రి!"

ఈశ్వరయ్య తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు, దారి కోసం. బండి ఎగిరి ముందుకు దూకింది. మైసయ్య రెండంగల్లో వెళ్ళి బుచ్చమ్మ రెక్క పట్టి పక్కకు లాగాడు. ఇద్దరూ నూనె డబ్బాల మీద పడ్డారు. బంపరు గోడను గుద్దింది, గూట్లో దీపం కింద పడి ఆరిపోయింది, గూటి కింద బుచ్చమ్మ పెట్టిన ఇత్తడి పళ్ళెం గోడకు నొక్కుకుని సొట్టబోయింది. ఇంజను ఆగిపోయింది. మైసయ్య తొడ మీద బంపరు అంచు గీరిన చోట నెత్తురు కారుతోంది. వెనక చక్రాల వెనక నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

బుచ్చమ్మ లేచి నిలబడింది. సొట్టబోయిన పళ్ళేన్ని చూసింది, గోడను చూసింది, తాను వంగిన చోటును చూసింది.

"పానం పోతుండె," అంది. "ఏందిది? ఏం చేసినవ్ ఈశ్వరన్నా?"

మైసయ్య ఉస్తాదుకు వీపు చేసి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. "తప్పు నాదక్కా. గేర్ రాడ్ ఉల్టా బిగించిన. ఆయన సక్కగనే ఏసిండు, నేనే తప్పు చేసిన. ఆయనను ఏమనకు."

బుచ్చమ్మ మొహం ఎర్రబడింది. "నీ చేతికిచ్చుడే నా బుద్ధి తక్కువ! తొమ్మిదేండ్ల మేస్త్రీవి, రాడ్ ఉల్టా బిగిస్తవా? నేను సస్తే నా పిల్లలకు ఎవడు దిక్కు? ఇయ్యాలటి నుంచి నా బండి నీ గడప తొక్కది!"

ఈశ్వరయ్య బండి దిగాడు. మైసయ్య వీపు తప్ప ఆయనకు ఏమీ కనబడటం లేదు. కానీ బుచ్చమ్మ కనబడుతోంది. ఆమె వేలు ఎవరివైపు ఊగుతోందో కనబడుతోంది. తన వైపు కాదు. ఆయన క్యాబులోకి చేయి పెట్టి రాడ్ పట్టుకుని, మెల్లగా పైకీ కిందికీ, ఇంకా ఎడమకూ కదిలించి చూశాడు. ఎక్కడ ఏమున్నదో ఆ అరచేతికి తెలిసిపోయింది. తర్వాత వచ్చి మైసయ్య భుజం పట్టి పక్కకు జరిపాడు.

"వాన్ని అనకమ్మా," అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియక, వీధి దాకా వినబడేంత బిగ్గరగా అన్నాడు. "వాడు చెప్పిండు. చెప్పిండని నాకు ఎరుకే. నాకే ఇనబడలె. రెండేండ్లాయె నాకు ఇనబడక. పాత గేరు గూడ నేనే కరాబ్ చేసిన."

బుచ్చమ్మ చూపు మైసయ్య మీదికి వెళ్ళింది, బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న పాత చక్రం మీదికి వెళ్ళింది, మళ్ళీ మైసయ్య మీదికే వచ్చింది.

"నీకు ఎరుకేనా?" అంది మెల్లగా.

మైసయ్య తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇద్దరికీ వీపు చేసి, గోడ వైపు తిరిగి ఏదో చెప్పింది. రెండు మూడు మాటలే.

ఈశ్వరయ్యకు ఆమె మొహం కనబడలేదు. ఆయన మైసయ్య వైపు తిరిగాడు.

"ఏమంటున్నది?"

మైసయ్య తల వంచుకునే ఏదో గొణిగాడు. బయట ఎవరెవరో గుమిగూడారు, బండి గోడను గుద్దిన చప్పుడు విని వచ్చినవాళ్ళు, డ్రైవర్ సాబ్‌కు ఏమైందని అడుగుతున్నారు.

"ఇనబడలె ర మైసా. గట్టిగ చెప్పు. నా మొహం జూసి చెప్పు."

మైసయ్య తలెత్తాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఉస్తాదు కళ్ళలోకి సూటిగా చూశాడు. ఇందాక తలుపు దగ్గర ఎత్తాల్సిన గొంతును ఇప్పుడు ఎత్తాడు.

"ఇగ బండి ముట్టొద్దంటున్నది, ఉస్తాద్!"

వీధంతా విన్నది. ఈశ్వరయ్య అతని పెదాల వైపే చూస్తూ, ఆఖరి మాట దాకా చూసి, తల ఊపాడు.

"అచ్ఛా," అన్నాడు. "సమజైంది."

ఈసారి నిజంగానే సమజైంది. సీటు కింద నుంచి వెదురు కర్ర తీసుకుని, చొక్కా జేబు సర్దుకుని, జనం మధ్య నుంచి బయటికి నడిచాడు. ఎవరో "డ్రైవర్ సాబ్" అని పిలిచారు, ఆయన వెనక్కి చూడలేదు. బండి గోడకు మూతి ఆనించి అలాగే ఉంది. దాన్ని వెనక్కి తీయడానికి మైసయ్య ఎక్కి కూర్చుని, రాడ్ మీద చేయి వేశాడు కానీ, తానే బిగించిన పెట్టెలో సాయంత్రం దాకా అతని చేతికి రివర్సు దొరకలేదు.